ముఖానికిచ్చిన ఉద్యోగం

నాకు మొదటి ఉద్యోగం ఇచ్చినవాడు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా వైపు చూశాడు, అంతే.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. ప్రొద్దుటూరులో ఒక బస్సు కంపెనీ ఉండేది. దాని బస్సులు జమ్మలమడుగుకూ, పులివెందులకూ, కడపకూ తిరిగేవి. యజమాని బట్టల వ్యాపారం చేసి పైకి వచ్చిన ఇంటివాడు. ఊళ్లో అందరూ ఆయన్ని సావుకారి అనేవారు. మా నాయన పౌరోహిత్యం చేసేవాడు. సావుకారి ఇంట్లో వ్రతమైనా నామకరణమైనా ఆయన పోవలసిందే. కంపెనీ ఆఫీసులో గుమాస్తాలను తీసుకుంటున్నారని తెలిసి, నాకు తెల్ల చొక్కా తొడిగించి వెంటబెట్టుకుని పోయాడు.

ఆఫీసు వసారాలో బెంచీ మీద నాకంటే ముందే ఒకతను వచ్చి కూర్చుని ఉన్నాడు. నల్లగా, పొట్టిగా ఉన్నాడు. ఒక కన్ను మెల్ల. పళ్లు పైపెదవిని తోసుకుని బయటికి వచ్చాయి. ఇద్దరమూ స్కూలు ఫైనలు పాసైనవాళ్లమే. అతను అప్పటికే తాడిపత్రిలో ఒక లారీ ఆఫీసులో పనిచేసి వచ్చాడు. నేను అంతవరకు మా అమ్మ చెప్పిన పని కూడా సరిగా చేసినవాణ్ని కాదు.

సావుకారి ఇద్దరినీ ఒకేసారి లోపలికి పిలిచాడు. అతన్ని ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగాడు. తాడిపత్రిలో పని ఎందుకు మానేశావు, నువ్వు ఎట్లాంటివాడివో చెప్పేవాళ్లు ఈ ఊళ్లో ఎవరున్నారు, లెక్కలు వస్తాయా, తాగుడు అలవాటుందా. అతను అన్నింటికీ నిదానంగా జవాబు చెప్పాడు. తర్వాత సావుకారి నా వైపు తిరిగాడు.

"మన అయ్యోరి కొడుకువి. మొగం జూడు, దీపం పెట్టినట్టుండాది. రేపట్నుంచి కౌంటర్లో కూచో." అతనితో, "నువ్వు లగేజి రూము చూసుకోప్పా" అన్నాడు.

నేను అప్పట్లో అందగాణ్ని. ఈ మాట చెప్పడానికి సిగ్గుపడను. ఆ ముఖం పోయి చాలాకాలమైంది, పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకోవచ్చు. పచ్చటి రంగు, కోటేరు వేసినట్టు ముక్కు, ఒత్తయిన జుట్టు. పండగ వచ్చిందంటే మా అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. నాలో ఆమె గర్వపడదగింది అదొక్కటే అని తెలిసి కాబోలు, ఆ ఒక్కదాన్నీ జాగ్రత్తగా చూసుకునేది.

కౌంటర్లో నా దినాలు దొరల దినాల్లాగా నడిచాయి. పొద్దున ఆలస్యంగా వస్తే మేనేజరు నౌకరును కేకేసి, "ఒరే, పిల్లోడు ఎండలో పడి వచ్చినాడు, కుండలో నీళ్లు తెచ్చియ్యి" అనేవాడు. లగేజి రూము అతను అదే ఎండలో, అదే ఆలస్యంగా వస్తే, "ఏమప్పా, తాడిపత్రిలో గూడా ఇట్లనే వస్తాంటివా?" అనేవాడు. అతను తలవంచుకుని లోపలికి పోయేవాడు. ఆ మేనేజరు చెడ్డవాడు కాదు. శనివారం ఒక్కపొద్దు ఉండేవాడు, పేదవాళ్ల పెళ్లిళ్లకు చదివింపులు ఇచ్చేవాడు. ఇద్దరు గుమాస్తాలనూ తాను ఒకే కంటితో చూస్తున్నానని ప్రమాణం చేయమంటే దేవుని పటం ముందు నిలబడి చేసేవాడు. అదీ నన్ను ఈనాటికీ మండించే సంగతి. తప్పుడు తక్కెడ పట్టుకున్నవాడికి తక్కెడ తప్పుడుదని తెలిస్తే కనీసం చెయ్యి వణుకుతుంది. ఈయన చెయ్యి ఎన్నడూ వణకలేదు.

ఒకసారి కడప బస్సులో ఒకే సీట్లు రెండు కుటుంబాలకు ఇచ్చేశాను. బస్సు దగ్గర పెద్ద రభస జరిగింది. ఆ గోలకు సావుకారే బయటికి వచ్చాడు. నా ముఖం చూసి నవ్వేశాడు. "పొద్దన్నుంచీ జనం మీద పడిపోతాంటే ఎవురికైనా తప్పు జరగదా? పిల్లోని మీద పని ఎక్కువైంది" అన్నాడు. మరుసటి వారం నాకు సాయంగా ఒక కుర్రవాణ్ని కూడా వేశారు.

అది జరిగిన కొద్దిరోజులకే పులివెందులకు పోవలసిన తమలపాకుల గంపలు జమ్మలమడుగు బస్సు ఎక్కాయి. ఆకంతా వాడిపోయింది. ఆ తప్పు లగేజి రూము అతనిది. మేనేజరు అతన్ని ఆఫీసు మధ్యలో నిలబెట్టాడు.

"వానికి ఒగ కన్ను పులివెందులను చూస్తే ఇంకో కన్ను జమ్మలమడుగును చూస్తాది. గంపలు యాడికి పోతాయో వానికేం తెలుస్తాది?" అన్నాడు. అందరూ నవ్వారు. వారం రోజులు అతన్ని పనిలోకి రావద్దన్నారు.

అతను నాకంటే గొప్ప పనివాడని నేను చెప్పబోవడం లేదు. అతనూ నాలాంటివాడే. కొన్ని పనులు బాగా చేసేవాడు, కొన్ని మరిచిపోయేవాడు, మధ్యాహ్నం భోంచేసి మూటల మీద పడి కునుకు తీసేవాడు. మామూలు గుమాస్తా. అయితే నేను మామూలు గుమాస్తాను అని ఎవరికీ తెలియలేదు, అతను మామూలు గుమాస్తా అనీ ఎవరికీ తెలియలేదు.

కంపెనీ ఒక కొత్త బస్సు కొన్నప్పుడు పెద్ద ఆఫీసరును పిలిచి రిబ్బను కత్తిరించారు. పళ్లెం పట్టుకోవడానికీ, దండ వేయడానికీ నన్ను నిలబెట్టారు. ఆఫీసులో ఉన్నవాళ్లంతా బయటికి వచ్చారు. లగేజి రూము అతను కూడా తెల్ల పంచె కట్టుకుని వచ్చాడు. మేనేజరు అతని భుజం మీద చెయ్యి వేసి ఎంతో ప్రేమగా, "నువ్వు లోపల ఉండప్పా, లగేజి ఎవురు జూస్తారు?" అన్నాడు. ఆ రోజు బస్సులు తిరగలేదు. లోపల ఒక్క మూట కూడా లేదు.

రాష్ట్రం పెద్దదై రాజధాని హైదరాబాదుకు పోయిన తర్వాత వచ్చిన ఎండాకాలంలో ఊళ్లో అమ్మవారు తిరిగింది. మా వీధిలో ముందు ఒక పిల్లకు పోసింది. తర్వాత నాకు. ఒళ్లంతా నిప్పులు పోసినట్టుండేది. అరటాకు మీద పడుకోబెట్టి వేపమండలతో విసిరేవారు. బతుకుతానని ఎవరూ అనుకోలేదట. బతికాను.

లేచి కూర్చోగలిగిన రోజున మా నాయన గూట్లో నుంచి అద్దం తీసి నా చేతికి ఇచ్చాడు. మా అమ్మ వద్దు వద్దంటున్నా వినలేదు.

"చూసుకో. ఎప్పటికైనా చూసుకోవాల్సిందే గదా. ఇంట్లో చూసుకుంటే మేలు" అన్నాడు.

చూసుకున్నాను. ముఖమంతా గుంతలు. ముక్కు కొస ఏదో కొరికినట్టుంది. కనుబొమలు సగం ఊడిపోయాయి. అద్దం ఆయనకు ఇచ్చేసి గోడవైపు తిరిగి పడుకున్నాను. మా అమ్మ ఏడుస్తూ ఉండింది. నేను ఏడ్వలేదు. ఏడిస్తే పుండ్లు మండుతాయి.

ఒంట్లో బలం వచ్చాక ఆఫీసుకు పోయాను. కౌంటర్లో నా కుర్చీలో నాకు సాయంగా వేసిన కుర్రవాడు కూర్చుని ఉన్నాడు. నేరుగా సావుకారి దగ్గరికి పోయి నమస్కారం పెట్టాను. ఆయన తల ఎత్తాడు. ఆ చూపు నా ముఖం దాకా వచ్చి, వేడి పెనం మీద పెట్టిన వేలులాగా వెనక్కి పోయింది. పోయి గోడకున్న క్యాలెండరు మీద వాలింది. ఆ తర్వాత మాటలన్నీ ఆయన క్యాలెండరుతోనే మాట్లాడాడు.

"ఎట్లుండావప్పా? శానా కష్టపడితివంట గదా."

"ఇప్పుడు బాగుండా సావుకారీ. రేపట్నుంచి పనిలోకి వస్తా."

"రా రా. నీ ఉద్యోగం యాడికి పోతాది? అయితే కౌంటర్లో ఎండ కొడతాది, దుమ్ము. నీ ఒంటికి సరిపడదు. కొన్నాళ్లు లోపల ఉండు."

"నాకేం ఇబ్బంది లేదు సావుకారీ. కౌంటర్లోనే కూచుంటా."

"నా మాట విను. నీ మంచికే చెప్తాండా."

లోపల అంటే లగేజి రూము. కొన్నాళ్లు అంటే ఎన్నాళ్లో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ కొన్నాళ్లు ఎప్పటికీ అయిపోలేదు.

లగేజి రూములో మెల్లకన్ను అతను నన్ను చూసి లేచాడు. రెండు మూటలు పక్కకు జరిపి చోటు చేశాడు. నన్ను అతను ఎప్పుడూ 'సామీ' అనేవాడు.

"కూచో సామీ. ఈడికి ఎవురూ వచ్చి చూడరు. నిమ్మళంగా ఉంటాది." మూట మీద దుమ్ము దులిపి, "శానా నొప్పిగా ఉన్నిందా?" అని అడిగాడు.

నేను జబ్బు పడి లేచిన తర్వాత బోలెడంతమంది పలకరించారు. నీ ముఖం ఎంత బాగుండేది అన్నవాళ్లున్నారు, ఇంక పెళ్లి ఎట్లా అవుతుంది అని మా అమ్మతో అన్నవాళ్లున్నారు. నొప్పి గురించి అడిగినవాడు అతనొక్కడే.

నెల తిరక్కుండానే మేనేజరుకు నాలో లోపాలు కనబడటం మొదలైంది. లగేజి చీటీలు చేతిలో పట్టుకుని వచ్చి, "నీ రాత శానా పాడయిందప్పా. ముందు ముత్యాల మాదిరి ఉంటాండె" అన్నాడు. నా రాత ఎప్పుడూ కోడి గీకినట్టే ఉండేది. అమ్మవారు నా ముఖానికి పోసింది గానీ చేతిరాతకు పోయలేదు. ఇంకోసారి, "ఎందుకప్పా అట్ల ముక్తసరిగా మాట్లాడతావు? జనంతో నవ్వుతా ఉండాల" అన్నాడు. నేను నవ్వుతూనే ఉన్నాను. ఆ నవ్వు ఆయనకు కనబడటం మానేసింది.

కౌంటర్లో సాయానికని వచ్చిన కుర్రవాడికి ఆ కుర్చీ ఖాయమైంది. ఉంగరాల జుట్టు, సన్నటి మీసం, నవ్వితే బుగ్గన సొట్ట. మంచి కుటుంబం పిల్లవాడు, మాట మెత్తన. వాడు టిక్కెట్లు తప్పు రాసినప్పుడల్లా సావుకారి నవ్వేవాడు. నేను లోపలి గదిలో కూర్చుని ఆ నవ్వు వినేవాణ్ని. ఆ నవ్వు ఒకప్పుడు నాది. ఇంట్లో గిన్నె పక్కింటివాళ్ల చేతిలో చూసినట్టుండేది.

ఏడాది గడిచాక నన్ను జమ్మలమడుగుకు పంపారు. అక్కడ కంపెనీ తరఫున ఒక ఏజెంటు ఉండేవాడు. లావుపాటి మనిషి, నా పాత ముఖం ఎరగడు. ఆయన నన్ను కిందినుంచి పైకి చూసి, సంతోషంగా తొడ చరుచుకున్నాడు.

"సావుకారి మంచి మొండోన్నే పంపినాడు. ఈ లైన్లో జనాలకు ఇట్లాంటోడే కావాల" అన్నాడు.

నన్ను చెకింగుకు వేశాడు. బస్సు ఎక్కడో దారిలో ఆపి, ఎక్కి, టిక్కెట్టు లేనివాళ్లను పట్టుకోవడం ఆ పని. నేను పురోహితుని కొడుకును. అప్పటిదాకా ఒక్క మనిషి మీద చెయ్యి ఎత్తలేదు. కుక్క మొరిగితే వీధి మారేవాణ్ని. ఆ మాటే చెప్పాను. ఏజెంటు నమ్మలేదు. "మాకు తెల్దా అప్పా? మొగం చూస్తే మనిషి తెలుస్తాడు" అన్నాడు.

మైలవరం దాటి పోయే బస్సులో ఒకసారి ఒక బలశాలి టిక్కెట్టు కొననని కూర్చున్నాడు. చేతిలో గొర్రెలు కాచే కట్టె. కండక్టరు పక్కకు తప్పుకున్నాడు. ఏజెంటు ఆ రోజు నా వెంట ఉండి, నన్ను వెనకనుంచి ముందుకు తోశాడు. నేను ఆ మనిషి ముందర నిలబడ్డాను. వాడు కట్టె ఎత్తితే ఏ వైపు దూకి పారిపోవాలా అని తలుపు ఎంత దూరముందో మనసులో చూసుకుంటున్నాను. వాడు నా ముఖం చూశాడు. కట్టె కింద పెట్టి మొలలో చెయ్యి పెట్టాడు.

"ఇస్తాలేప్పా. దానికి యాల అట్ల చూస్తావు?" అన్నాడు.

నేను ఎట్లా చూడలేదు. భయపడుతున్నాను. నా భయం వాడికి కోపంగా కనిపించింది. బస్సు దిగాక ఏజెంటు నా వీపు తట్టి, "జూస్తివా? నోరు తెరవకుండానే పని చేసుకొస్తివి!" అని మెచ్చుకున్నాడు. అప్పటినుంచి ఆ లైన్లో నన్ను చూస్తే కండక్టర్లు లేచి నిలబడేవారు. కొండాపురం వైపు ఊళ్లలో, మారాం చేసే పిల్లలకు నా పేరు చెప్పేవారని విన్నాను. నా పాత ముఖానికి దొరికిన ప్రేమా నేను సంపాదించింది కాదు, కొత్త ముఖానికి దొరికిన భయమూ నేను సంపాదించింది కాదు. మధ్యలో నేననేవాణ్ని ఒకణ్ని ఉన్నానని ఎవరికీ అనుమానం కూడా రాలేదు.

అప్పటికే మెల్లకన్ను అతను కంపెనీ వదిలేసి జమ్మలమడుగు దగ్గర నాపరాళ్ల వ్యాపారి కింద పనికి కుదిరాడు. సెలవు దొరికితే అతని దగ్గరికి పోయేవాణ్ని. రాళ్ల దొంతరల నీడన కూర్చుని నేను సావుకారినీ మేనేజరునూ తిట్టిపోసేవాణ్ని. అతను విని విని ఒక రోజు అన్నాడు.

"నీకు ఒగప్పుడు ఉండె, పోయె. అందుకే నీకింత మంట సామీ. నాకు పుట్టినప్పుట్నుంచీ తెలుసు గాబట్టి నాకు అన్నం దిగుతాది."

"నీకు కోపం రాదా?"

"రాకేం. వస్తాది. కోపంతోనే తింటా."

ఆ తర్వాత సావుకారి పులివెందులలో సొంత ఆఫీసు తెరవాలనుకున్నాడు. దానికి ఒక మేనేజరు కావాలి. కౌంటరు పని తెలిసినవాణ్ని, లగేజి తెలిసినవాణ్ని, దారిలో బస్సుల సంగతి తెలిసినవాణ్ని కంపెనీలో నేనొక్కణ్నే. సిగ్గు విడిచి ప్రొద్దుటూరు పోయి సావుకారినే అడిగాను. ఆయన లెక్కల పుస్తకం మూసి పక్కకు పెట్టాడు.

"ఆ ఉంగరాల జుట్టు పిల్లోన్ని పంపుదామనుకుంటాండా. నువ్వు వాని కింద ఉండి చూసుకో. ఆఫీసు అన్నాక మనిషిని చూస్తానే నమ్మకం కలగాలప్పా" అన్నాడు.

"అయ్యా, నేను కౌంటర్లో ఉన్నప్పుడు నా గురించి గూడా మీరు ఇదే మాట అంటాంటిరి."

"అవును" అన్నాడాయన, ఏమీ తడుముకోకుండా. "అప్పుడు నువ్వు శానా బాగా పని చేస్తాంటివి. ఇప్పుడు యాలనో నీకు పని మీద మనసు లేదు."

ఆయన నన్ను వెక్కిరించడం లేదు. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకొకటి చెప్పడం లేదు. నిజంగానే నమ్మి చెప్పాడు. ఆయన జ్ఞాపకంలో నేను ఒకనాడు గొప్ప గుమాస్తాను, రోజులు గడిచేకొద్దీ చెడిపోయాను. ముఖం సంగతి ఆయన లెక్కలోనే లేదు. నేను ఏం చెప్పగలను? దొంగతో వాదించవచ్చు. తాను ధర్మరాజునని నమ్మినవాడితో ఏం వాదిస్తాం? నమస్కారం పెట్టి బయటికి వచ్చాను. కడుపు నింపుతున్న ఉద్యోగాన్ని అప్పుడే వదిలే ధైర్యం లేక పులివెందుల బస్సు ఎక్కాను.

ఉంగరాల జుట్టు మేనేజరు నన్ను ఎన్నడూ నొప్పించలేదు. 'అన్నా' అని పిలిచేవాడు. కానీ వాడికి పని రాదు. బస్సులు ఎప్పుడు వస్తాయో, ఏ దారిలో వాన పడితే వంక పొంగుతుందో, ఎవరికి ఏం మాట ఇచ్చామో, ఏదీ గుర్తుండేది కాదు. అడిగినవాళ్లందరికీ సరేననేవాడు.

మాఘమాసం ముహూర్తాల్లో ఒక పొద్దున ఆఫీసు ముందర రెండు పెళ్లి బృందాలు దిగాయి. ఒకటి తొండూరు నుంచి, ఒకటి వేంపల్లె వైపునుంచి. ఇద్దరికీ ఒకటే బస్సు, ఒకటే పూటకు ఇస్తానని వాడు మాట ఇచ్చాడు. మేళగాళ్లు, సారె గంపలు, చంటిపిల్లలు, అరుపులు. తొండూరు పెద్దాయన తలగుడ్డ తీసి చేతికి చుట్టుకుంటూ ముందుకు వచ్చాడు.

"మాట ఇచ్చినోడు ఎవురు? బయటికి రమ్మనండి!"

వాడు బయటికి వచ్చి నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. గుంపులోనుంచి ఒక పెద్దామె ముందుకు వచ్చింది.

"యాల పిల్లోని మీద పడతారు? మొగం జూడండి, ఎట్ల వాడిపోయిందో. వానికేం తెలుసు పాపం." అని చుట్టూ చూసి, గడపలో నిలబడ్డ నా వైపు వేలు చూపింది. "ఇదంతా ఈ గుంతల మొగమోని కత. చూడండి, ఎట్ల నిలబడుకోనుండాడో!"

అంతే. గుంపంతా నా మీదికి తిరిగింది. ఆ బస్సు సంగతి నాకు వాళ్లు దిగేదాకా తెలియనే తెలియదు. ఆ మాట చెబుతుంటే, "మల్లా ఎదురు మాట్లాడతాండాడు" అన్నారు. ఒకడు నా చొక్కా పట్టుకున్నాడు. చివరికి వేంపల్లె వాళ్లను ఆ బస్సు ఎక్కించి, మధ్యాహ్నం ప్రొద్దుటూరు పోవాల్సిన బస్సును ఆపి తొండూరు వాళ్లకు ఇచ్చాను. ప్రొద్దుటూరు పోవాల్సిన జనం కూడా వచ్చి నన్నే తిట్టారు. మేనేజరుకు ఎవరో సోడా తెచ్చి ఇచ్చారు.

రెండు రోజులకు సావుకారి కారులో దిగాడు. ఇద్దరినీ లోపలికి పిలిచి తలుపు వేశాడు. నా వైపు చూడకుండానే మొదలుపెట్టాడు.

"పెండ్లి జనాలతో కొట్లాటకు దిగితివంట. కంపెనీ మర్యాద ఏం గావాల?"

నేను నోరు తెరవకముందే ఉంగరాల జుట్టువాడు అడ్డం వచ్చాడు. "సావుకారీ, తప్పు నాది. ఇద్దరికీ నేనే మాట ఇస్తి. అన్నకు ఏం తెలీదు. ఆయన లేకుంటే ఆ పొద్దు తలకాయలు పగిలేటివి."

సావుకారి ముఖం మెత్తబడింది. వాడి వైపు ఎంతో వాత్సల్యంగా చూశాడు.

"నువ్వు గమ్మునుండప్పా. నువ్వు మంచోనివి గాబట్టి అన్నీ మీదేసుకుంటాండావు."

వాడు ఇంకా చెప్పబోయాడు. సావుకారి చెయ్యి ఎత్తి ఆపాడు. నన్ను మళ్లీ ప్రొద్దుటూరు లగేజి రూముకు పంపుతున్నానని చెప్పి, కారెక్కి పోయాడు. తప్పు చేసినవాడు స్వయంగా ఒప్పుకున్నా ఆ తప్పు వాడికి అంటలేదు. నూనె రాసిన రాతి మీద నీళ్లలాగా జారి వచ్చి నా మీదే పడింది.

ఆ సాయంత్రం వాడు నా గదికి వచ్చాడు. గడప దగ్గరే కూర్చున్నాడు.

"నన్నెవురూ ఒక్కతూరి గూడా తిట్టలేదన్నా. నువ్వే చూస్తివి గదా, ఈ పొద్దు నోరు తెరిచి చెప్పినా తిట్టలేదు. చిన్నప్పుట్నుంచీ ఇంతే. బడిలో అయ్యోరు కూడా కొట్టలేదు. తిట్టింటే రవ్వంతన్నా నేర్చుకొనుందును."

వాడు చెప్పింది నిజమే. నాకు తెలియనిదేమీ కాదు, నేనూ అట్లాగే పెరిగినవాణ్ని. అయినా నాకు జాలి కలగలేదు. తిండి ఎక్కువై అరగడం లేదని ఒకడు ఆకలిగొన్నవాడి దగ్గర చెప్పుకుంటున్నట్టనిపించింది. "పోయి పండుకోప్పా, పొద్దున్నే బస్సుండాది" అని పంపేశాను.

ప్రొద్దుటూరు పోయాను గానీ లగేజి రూముకు పోలేదు. పని మానుకుంటున్నానని సావుకారికి చెప్పాను. "నిన్ను నేనెప్పుడన్నా తక్కువగా చూస్తినా?" అని ఆయన నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. మా నాయనతో కూడా చెప్పి బాధపడ్డాడట. మా నాయన విని, "ఆయన మాటలో దోషం లేదురా, కళ్లలో ఉంది. అది మంత్రానికి పోయేది కాదు" అన్నాడు. ఆ తర్వాత ట్రైనింగు చేసి బడిపంతులునయ్యాను. తొండూరు వైపు పల్లెల్లో చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. నల్లటి ముఖాలూ వంకర పళ్లూ ఉన్న పిల్లలను ముందు బెంచీలో కూర్చోబెట్టేవాణ్ని. తప్పు చేస్తే అందరినీ సమానంగా తిట్టేవాణ్ని, ముఖ్యంగా అందమైన పిల్లలను మరిచిపోకుండా తిట్టేవాణ్ని. వాళ్ల తల్లులకు నేనంటే పడేది కాదు.

బస్సు కంపెనీ తర్వాత చేతులు మారింది. చాలాకాలానికి ప్రొద్దుటూరులో ఒక పెళ్లిలో సావుకారి కనిపించాడు. బాగా ముసలివాడైపోయాడు. నాకూ అప్పటికి కళ్లజోడు వచ్చింది, తెల్లటి గడ్డం వచ్చి గుంతలను సగం కప్పేసింది. ఆయన నన్ను గుర్తుపట్టాడు. ఈసారి సూటిగా నా ముఖంలోకే చూశాడు. పక్కనున్న వాళ్లను పిలిచి మరీ చెప్పాడు.

"ఈ అయ్యోరు మా కంపెనీలో ఉన్నోడే. పెద్దమనిషి తరహా చూడండి ఎట్లుండాదో! మనుషుల్ని ఎంచుకునే దాంట్లో నేనెప్పుడూ తప్పు పోలేదప్పా. ఎట్లాంటోళ్లను పెట్టుకోనుంటిననుకున్యారు!"

చుట్టూ ఉన్నవాళ్లు నాకు నమస్కారాలు పెట్టారు. ఒకాయన లేచి నాకు కుర్చీ వేశాడు. ఇంతలో భోజనాలకు పిలిచారు. సావుకారి నా చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోమన్నాడు. చెయ్యి విడిపించుకుని, ఎదురు పంక్తిలో గోడవారగా ఖాళీగా ఉన్న విస్తరి ముందు కూర్చున్నాను. పప్పు బాగుంది. రెండుసార్లు వేయించుకున్నాను.